పైడన్న తాత దున్నపోతు, చిన్నమ్మి అగ్గిపెట్టె

పైడన్న తాత తన చెవులు పోయాయని ఎవరికీ చెప్పలేదు. కాసమ్మ మామ్మకి అసలే చెప్పలేదు. చెబితే ఆవిడ మర్నాటికల్లా చమఖండి రేవంతా చాటేస్తుంది. ఆ తర్వాత ఛత్రపురం బజారులో చేపలమ్మేవాళ్ళందరూ తాత కనబడగానే చేతులూపి సైగలతో మాట్లాడతారు. అదొక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. వేరే ముసలాళ్ళకి చెవులు పోతే పోయేవి చెవులే. తాతకి చెవులు పోతే ఇక మిగిలేదేమీ లేదు. పుట్టినప్పటి నుంచీ తాత దగ్గర పనికొచ్చిన సామాను ఆ రెండే.

మిగతాది పనికిరాదని చిన్నప్పుడే తేలిపోయింది. తండ్రి జగ్గన్న ఆ రేవులో పేరున్న వేటగాడు. కొడుకుని తెప్ప ఎక్కించిన మొదటిరోజు అల దాటకముందే పైడన్న కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చేశాడు. రెండోరోజూ అంతే. "జగ్గన్న కొడుకుని ఎక్కించుకుంటే సేపలకి మేత కొనక్కర్నేదురా" అని రేవులో నవ్వుకున్నారు. సముద్రం ఒడ్డున పుట్టి సముద్రం పడనివాడు ఏం చేస్తాడు? కలకత్తా పోయాడు. అక్కడ ఏం దొరికింది? ఓడలో వంటవాడి దగ్గర గిన్నెలు తోమే పని. కొన్ని నుదుటిరాతలు అలాగే ఉంటాయి.

ఓడలోనూ అదే వరస. ఒకనాడు తల తిరిగి ఏదో గది గుమ్మంలో కూలబడ్డాడు. అది వైర్‌లెస్ గది. లోపల ఆఫీసరు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఆ హెడ్‌ఫోన్లోంచి సన్నగా, కీచుపిట్ట కూసినట్టు పొట్టి కూత, పొడుగు కూత, మళ్ళీ పొట్టి కూత. అది వింటూ ఉంటే పైడన్న కడుపు కుదుటపడింది. వైద్యులెవరూ ఈ మందు రాసిచ్చినట్టు వినలేదు గానీ, తాత విషయంలో మాత్రం పనిచేసింది. ఆనాటి నుంచి ఆ గది ఊడవడానికి ఎవరూ పిలవకపోయినా వెళ్ళేవాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, ఇంగ్లీషు అక్షరాలు కాగితం మీద సరిగ్గా గుర్తుపట్టకముందే చెవితో గుర్తుపట్టడం నేర్చాడు. మోర్స్ అంటే అదే. అక్షరాలన్నీ పొట్టికూతలూ పొడుగుకూతలూ.

పెళ్ళయ్యాక కాసమ్మ మామ్మ "ఓడో, నేనో తేల్చుకో" అంది. తాత తేల్చుకున్నాడు. వాంతులకి కూడా ఇందులో కొంత వాటా ఉందని మామ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. తిరిగొచ్చి బరంపురంలో ఒక రేడియో రిపేరు కొట్లో కుదిరాడు. పొద్దున్న బస్సులో పోయి చీకటిపడ్డాక రావడం. అక్కడ పనిచేస్తూనే పరీక్ష రాసి, సొంతంగా వైర్‌లెస్ పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత కలకత్తా పాతసామాన్ల దుకాణంలో ఎప్పుడో చూసి మనసు పారేసుకున్న సెట్టు తెప్పించుకున్నాడు. యుద్ధకాలంలో అమెరికా సిపాయిలు వదిలేసి పోయినదట. ఛత్రపురం స్టేషన్లో దింపి, వెదురు బొంగుకి కట్టి, సొరచేపని మోసినట్టు ముందొకరు వెనకొకరు మోసుకొచ్చారు. బీరువా వస్తోందని కాసమ్మ మామ్మ గుమ్మంలో నీళ్ళు చల్లి నిలబడింది.

"ఏటిది?"

"రేడియో."

"పాటలొత్తాయేటి?"

"రావు."

"మరేటొస్తాది?"

తాత సెట్టుకి కట్టిన తాళ్ళు విప్పడం మొదలెట్టాడు. ఆ సాయంత్రం మామ్మ దాని చుట్టూ తిరిగి, నల్లటి ఒళ్ళు చూసి, లోపల గాజు వాల్వులు వెలిగి వేడెక్కాక వీపు తడిమి, అది ఒకసారి బుసకొట్టేసరికి వెనక్కి గెంతి, దానికి దున్నపోతు అని పేరు పెట్టింది. ఆ పేరే ఖాయమైంది. నిజానికి పేరు సరిపోయింది కూడా. మీట నొక్కగానే అది లేవదు. వేడెక్కడానికి తీరిగ్గా సమయం తీసుకుంటుంది. లేచాక కూడా ఉన్నచోట ఉండదు. పట్టిన కూత కొంచెం కొంచెం పక్కకి జరిగిపోతూ ఉంటే, గుబ్బ తిప్పుతూ వెంటపడాలి. వానాకాలంలో మామ్మ దాని వీపు మీద అప్పడాలు ఆరబెట్టేది. తాత చూడనట్టు ఊరుకునేవాడు.

ఇక తాత ఏం వినేవాడంటే, లోతు బ్యాండు. మన ఇళ్ళల్లో పాటలొచ్చే మీడియం వేవు ఉంది కదా, దాని పక్కనే, కాస్త ఎగువన. లైసెన్సున్నవాళ్ళలో చాలామంది అటు రారు. అక్కడ తీగ పొడుగ్గా కట్టాలి, ఓపిక అంతకంటే పొడుగ్గా ఉండాలి, ఉరుములన్నీ వచ్చి చెవిలోనే పడతాయి. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు వెలిగినా, ఫోను ఛార్జరు పెట్టినా జోరీగ రొద. అందుకే సాయంత్రమయ్యేసరికి తాత ఇంట్లో దీపాలన్నీ ఆర్పించేవాడు. ఊరంతా దీపాలు పెట్టుకునే వేళ ఆ ఇల్లు చీకటి. "ఇదేటి, ఇంట్లో మనిషి పోయినట్టు" అని మామ్మ రోజూ అనేది. రోజూ ఆర్పేది.

అంత తంటా ఎందుకంటే, ఆ వేళకి పొలసరలో వైకుంఠరావు తాత కూర్చుని ఉంటాడు.

వైకుంఠరావు తాత తంతి ఆఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి, తర్వాత సొంత మడిచెక్క చూసుకుంటున్నాడు. ఇద్దరికీ ముఖాలు చూసుకోక ముందే స్నేహం కుదిరింది. కూత విని మనిషిని గుర్తుపట్టడం వాళ్ళకి అలవాటు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టుకునేవారు, మధ్యలో ఒడియా. బావా అంటే బావా అనుకునేవారు. ఇప్పుడు ఇద్దరి దగ్గరా ఫోన్లున్నాయి, వాటిని తిట్టుకోవడానికి మాత్రమే వాడతారు. అసలు మాటలన్నీ కూతలు కొట్టే కీ మీదే.

కిందటేడు వైకుంఠరావు తాతకి కూతురు చిన్నమ్మి కొత్త రిసీవరు కొనిచ్చింది. చిన్నమ్మి బరంపురంలో బ్యాంకు ఉద్యోగి, లంజిపల్లిలో ఉంటుంది. అగ్గిపెట్టెంత డబ్బా. దాన్ని లాప్‌టాప్‌కి తగిలిస్తే తెర మీద బ్యాండంతా ఒకేసారి కనబడుతుంది, కూత వచ్చినచోట గీతలు పడతాయి. ఇక చూడాలి వైకుంఠరావు తాత గొప్పలు. "నాది జరగదు. నాది వేడెక్కక్కర్నేదు. నాకు సిలోను కూత కూడా గీతలా పడతంది. నీ దున్నపోతుని సంతకి తోలీ బావా" అని రోజూ కొట్టేవాడు. పైడన్న తాత ఊరుకుంటాడా? "కూతని కళ్ళతో చదివేది చెవిటాళ్ళు. నాకింకా చెవులున్నాయి" అని కొట్టాడు.

తిత్లీ తుపాను వచ్చి పోయింది. పెరట్లో కొబ్బరిచెట్టు పడిపోయింది. పాత తీగ తెగింది, కొత్త తీగ కట్టించాడు. ఆ తర్వాతే మొదలైంది. పొలసర కూత సన్నబడింది. కొన్నాళ్ళకి ఉందో లేదో తెలియకుండా పోయింది. మొదట తాత ఆకాశంలో ఇంకా గాలివాన మిగిలి ఉందనుకున్నాడు. తర్వాత వాల్వులు అనుకుని దాచుకున్న కొత్తవి వేశాడు. లాభం లేదు. హెడ్‌ఫోన్ మార్చాడు, లాభం లేదు. ఇక మార్చడానికి మిగిలినవి హెడ్‌ఫోన్‌కి మధ్యలో ఉన్నవే.

అప్పుడు తాత చేసిన పని ఏ వైర్‌లెస్ మనిషీ చెయ్యకూడనిది. విననిదాన్ని విన్నానని కొట్టడం మొదలెట్టాడు. చెవిటివాడు పెళ్ళిలో నవ్వినట్టు, అందరూ నవ్వారని తనూ నవ్వడం. అక్కడ వైకుంఠరావు తాత కొట్టడం ఆపాడని అందాజుగా చూసుకుని, "బాగా వినబడింది. చాలా సంతోషం" అని కొట్టేసేవాడు. మడికి నీళ్ళొచ్చాయా, చాలా సంతోషం. మనవరాలికి పరీక్ష పోయిందా, చాలా సంతోషం. కొన్ని నప్పాయి, కొన్ని నప్పలేదు. వైకుంఠరావు తాత మొదట్లో పట్టించుకోలేదు.

ఒకరోజు ఫోను మోగింది. తాత ఎత్తగానే అవతల అరుపు. మామ్మకి కూడా వినబడేంత అరుపు.

"ఓరి బావా! పొలం గట్టు మీద జారి కాలిరిగింది, పిండికట్టు ఏసీనారు అని నాను ఎవుల్తో సెప్పుకున్నాన్రా?"

"నాతోనే," అన్నాడు తాత.

"నువ్వేటన్నావు?"

తాత ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"సాలా సంతోసం, మా ఇంట్లో కూడా బేగి అలగే జరగాలని కోరుకుంటన్నాం అన్నావు! రాసుకున్నాన్రా నాను!"

తాత గొంతు సవరించుకున్నాడు. "నువ్వు నవ్వుతావని అన్నాను బావా. కాలిరిగినోడు నవ్వితే బేగి అతుకుతాది."

అవతల వైకుంఠరావు తాత గొంతు మారింది. "నీ కూత కూడా మునపట్లా నేదు బావా. సన్నంగా వత్తంది. నాను మిషన్లో గీత సూసి రాసుకుంటన్నాను. నీ కాడ ఏదో తేడా ఉంది. ఆదివారం మా చిన్నమ్మి ఆ డబ్బా పట్టుకుని వత్తాది. నీ దున్నపోతు పక్కనెట్టి సూస్తాది."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"మాకు సుట్టాలొత్తన్నారు."

"వత్తే కాసమ్మ వండుతాది. నీకేటి?" అని ఫోను పెట్టేశాడు.

ఆదివారం వరకూ తాతకి అన్నం సయించలేదు. ఆ అగ్గిపెట్టె వస్తే ఏం జరుగుతుందో తాతకి బాగా తెలుసు. తెర మీద గీత పడుతుంది. పక్కన తను కూర్చుని ఉంటాడు. గీత ఉంది, తనకి వినబడలేదు. ఇక దాచడానికి ఏముంటుంది? డాక్టరు చెప్తే డాక్టరు తప్పనొచ్చు. మామ్మ చెప్తే ఎప్పుడూ అనేదే అనొచ్చు. తెర మీద గీత పడితే ఎవరిని తప్పనాలి? ఇంట్లో తిరుగుతూ తనని తానే పరీక్షించుకున్నాడు. వంటింట్లో పులుసు గిన్నె మూత తీసిన చప్పుడు వీధిలోకి వినబడింది. రొయ్యలు వేగుతున్నాయో, చిన్నచేపలో కూడా చప్పుడు బట్టి చెప్పగలిగాడు. కానీ అది ఆకలి వినడం, చెవి వినడం కాదు అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. భయపడ్డ మనిషికి మంచి సాక్ష్యం కూడా నచ్చదు.

ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మి స్కూటర్ మీద దిగింది. నలభై దాటిన మనిషి, తండ్రిలాగే తిన్నగా మాట్లాడుతుంది. భుజానికి లాప్‌టాప్ సంచి, చేతిలో సైకిలు చక్రమంత గుండ్రటి తీగచట్రం.

"అదేటే అమ్మీ, జల్లెడలా ఉంది?" అంది మామ్మ.

"ఏరియల్ అత్తా. ఊళ్ళో తీగ కట్టడానికి సోటు నేనోళ్ళకి. దీన్ని అటూ ఇటూ తిప్పితే రొద తగ్గుద్ది." డబ్బా బయటికి తీసింది. మామ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసి, తాత వైపు తిరిగింది.

"ఇదేనా మీ బావ మురిసిపోతన్నది? దీని మీద ఒక అప్పడం కూడా ఆరదు."

చిన్నమ్మి నవ్వుతూ డబ్బాని ఆ చక్రానికి తగిలించి లాప్‌టాప్ తెరిచింది. తాత దున్నపోతు మీట నొక్కాడు. ఎప్పుడూ అంత నెమ్మదిగా వేడెక్కాలని కోరుకోలేదు. కోరిక తీరలేదు. వాల్వులు వెలిగాయి, బుస వచ్చింది. చిన్నమ్మి లాప్‌టాప్ ఛార్జరు గోడలోంచి పీకేసింది. తెర మీద గజిబిజి సగం పోయింది. "బల్బులు?" అంది. మామ్మ లేచింది. "మాకలవాటే," అని అన్నీ ఆర్పేసింది. తెర నల్లబడి శుభ్రమైంది.

చిన్నమ్మి ఫోనులో తండ్రిని పిలిచింది. "నాన్నా, కొట్టు. ఆపమన్నదాకా కొడతానే ఉండు."

"కాలు నొప్పిగా ఉన్నా సెయ్యి బాగానే ఉందని సెప్పు ఆడికి," అని అవతలి నుంచి వినబడింది.

పొలసరలో వైకుంఠరావు తాత కీ మీద చెయ్యి వేశాడు. ఇక్కడ తెర మధ్యలో తెల్లటి చుక్కలూ గీతలూ వరసగా కిందికి జారడం మొదలెట్టాయి.

"ఓలమ్మ, ముగ్గేసినట్టుంది," అంది మామ్మ.

"మరి నీకు, మావయ్యా?"

దున్నపోతు పెద్ద తీగకి తగిలించి ఉంది. తాత గుబ్బ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బుస, మధ్యలో ఎక్కడిదో ఉరుము. అంతే. గీతలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

"వత్తందా?"

"వస్తంది వస్తంది," అన్నాడు తాత అలవాటు కొద్దీ.

"ఏటంటన్నాడు?"

తాత గుబ్బ వదిలేశాడు. చిన్నమ్మి రెండు క్షణాలు తాత ముఖం చూసింది. లాప్‌టాప్‌కి తన హెడ్‌ఫోన్ గుచ్చి చాచింది. "దీన్లో ఇను మావయ్యా. ఇందులో గట్టిగా వత్తంది."

ఇదే వద్దనుకున్నది. పాత సెట్టులో వినబడలేదంటే సెట్టుని అనుకోవచ్చు. కొత్తదానిలో కూడా వినబడకపోతే ఇక అనుకోవడానికి తనే. తాత చెయ్యి చాచలేదు.

"నాను పొద్దున్న సెవిలో ఆవదం ఏసుకున్నానమ్మా. నీ సామాను పాడైపోద్ది."

"ఆవదం సీసా ఐపోయి నెల్లయింది," అంది మామ్మ.

"మరైతే సాయంత్రం ఇంటాను. ఇప్పుడు కొంచెం..."

"ఇప్పుడు కొంచెం ఏటి?"

మామ్మ హెడ్‌ఫోన్ లాక్కుని, చంటిపిల్లాడికి టోపీ పెట్టినట్టు తాత తలకి తగిలించేసింది. తాత కళ్ళు మూసుకున్నాడు.

మొదట తన గుండె చప్పుడే వినబడింది. దాని వెనకాల ఇంకేదో. పొట్టి, పొడుగు, పొట్టి. కడిగిన గవ్వలా శుభ్రంగా. అక్షరం తర్వాత అక్షరం. వైకుంఠరావు చేతి వాటం, ప్రతి మాట చివరా కాస్త సాగదీసే ఆ పాత జబ్బు కూడా ఉన్నదున్నట్టు. తాత పెదవులు కదిలాయి.

"ఏటంటన్నాడు?" అంది మామ్మ.

"తిడతన్నాడే," అన్నాడు తాత.

"ఏటని?"

"ఓరి దున్నపోతు కాపరీ, బతికున్నావా సచ్చావా, కాలిరిగితే సంతోసమేట్రా నీకు అంటన్నాడు. మళ్ళీ మొదట్నించి తిడతన్నాడు. ఒక్క అచ్చరం పోలేదే! ఒక్క అచ్చరం!"

తిట్టించుకుని అంత ఆనందపడ్డ మనిషిని చిన్నమ్మి ఎప్పుడూ చూసి ఉండదు. తాత హెడ్‌ఫోన్ తియ్యకుండానే బల్ల మీద తల ఆనించి కాసేపు ఉండిపోయాడు. భుజాలు కదిలాయి. మామ్మ వీపు మీద చెయ్యి వేసింది.

చిన్నమ్మే ముందు తేరుకుంది. "ఐతే సెవులు బాగానే ఉన్నాయి. దున్నపోతే పోయినట్టుంది."

"పోతే పోనీ!" అన్నాడు తాత సంతోషం పట్టలేక. అన్న మరుక్షణం సిగ్గేసింది. దాని వీపు మీద చెయ్యి వేసి, ఊరికే అన్నానులే అన్నట్టు నిమిరాడు. "కాదు అమ్మీ, ఇదెప్పుడూ ఇలగ నేదు. నీ జల్లెడ దీనికి తగిలించి సూద్దాం."

తగిలించారు. తాత గుబ్బ తిప్పాడు. గది నిండా వైకుంఠరావు తాత తిట్లు. స్పీకరులో, గట్టిగా, వాల్వు సెట్టులో మాత్రమే వచ్చే ఆ మెత్తటి గొంతుతో. మామ్మ చెవులు మూసుకుంది.

"మరిప్పుడు మీ పెద్ద తీగ నా డబ్బాకి తగిలిద్దాం," అంది చిన్నమ్మి. తగిలించింది. తెర మీద ముగ్గు చెరిగిపోయింది. గీత లేదు, చుక్క లేదు.

దున్నపోతూ అగ్గిపెట్టే ఆ తీగ మీద రెండూ ఒకేలా చెవిటివి. చెవిటిది తీగ.

ముగ్గురూ పెరట్లోకి నడిచారు. తీగ ఇంటి చూరు నుంచి బయలుదేరి, పెరడు దాటి, గోడ అవతల సముద్రం వైపున్న ఇనుప స్తంభం దాకా పోతుంది. మోకాలి నొప్పి వల్ల తాత తుపాను తర్వాత గోడ దాటి అటు వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని చూస్తే తీగ బిగుతుగానే కనబడేది, అది చాలనుకున్నాడు. ఇప్పుడు గోడ పక్కన ఉన్న సందులోంచి అవతలికి వచ్చేసరికి ముందు వాసన వచ్చింది. తర్వాత కనబడింది. తీగ చివర నుంచీ స్తంభం దాకా, పట్టీల్లా పొడుగ్గా, వెండిలా మెరుస్తూ, ఉప్పునీళ్ళలో ముంచిన సావళ్ళ చేపలు వరసగా వేలాడుతున్నాయి. తీగని స్తంభానికి కట్టిన వలతాడు ఉప్పు పట్టి తెల్లగా, తడిగా ఉంది.

ముందు నోరు తెరిచింది చిన్నమ్మి. "అత్తా, ఎండుసేపలు ఏరియల్ మీదా?"

"మరెక్కడెట్టను? పందిరి తుపానుకి పోయింది కదేటి!" అంది మామ్మ ఏమాత్రం తగ్గకుండా. "నేల మీదెడితే కుక్కలు. డాబా మీదెడితే కాకులు. ఈ మూల మటుకు కాకి వాలదు. ఎందుకో తెల్దా? మీ మావయ్య లోపల టకటకలాడినప్పుడు ఈ తీగ మీద కూకున్న కాకి కుయ్యోమని ఎగిరిపోయింది. మళ్ళీ రానేదు. దాని సుట్టాలు కూడా రానేదు. ఇంతకంటే మంచి సోటేది? నీ మావయ్యే అన్నాడు, ఆ తీగ ముట్టుకుంటే ఏటవదు అని."

"నువ్వు ముట్టుకుంటే అన్నాను! సేపలకి సెప్పానేటి?"

"పింగాణీ గుండేది మావయ్యా?" అంది చిన్నమ్మి స్తంభం దగ్గర వంగి చూస్తూ. తీగకీ స్తంభానికీ మధ్య కరెంటు దాటకుండా ఉండాల్సిన పింగాణీ గుండు అక్కడ లేదు.

ఈసారి మామ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సెప్పు, సెప్పు."

తుపానులో పాతది పగిలిపోయింది. తర్వాత చూద్దాంలే అని, పక్కింటి అసిరయ్య చేత వలతాడుతో కట్టించినది తాతే. పొడి తాడు అయితే పరవాలేకపోయేది. ఉప్పునీళ్ళు తాగిన తాడు వేరు. ఆకాశం నుంచి తీగ మీదికి దిగిన సన్నటి కూతంతా ఆ తాడు వెంట, సావళ్ళ నీళ్ళ వెంట, ఇనుప స్తంభంలోంచి చమఖండి ఇసకలోకి పోయింది. తాత పంపిన కూతలోనూ సగం అటే పోయింది. చిన్నమ్మి గోడకి ఆనుకుని నవ్వుతూ నవ్వుతూ ఇసకలో కూలబడింది. మామూలు రోజైతే తాతకి కోపం వచ్చేది. ఆరోజు ఎంత వెతుక్కున్నా రాలేదు. తప్పు చేపలదని తేలినవాడికి కోపం ఎక్కడ దొరుకుతుంది?

సావళ్ళన్నీ మామ్మ చాటలోకి దించుకుంది. తాత రేకుడబ్బాలో మూలుగుతున్న ఇంకో గుండుని చిన్నమ్మి స్తంభానికి కట్టింది. మంచినీళ్ళతో తీగంతా తుడిచింది. పొద్దు వాలేసరికి పని అయింది.

అప్పుడు తీరిగ్గా కూర్చుని రెండింటికీ పందెం పెట్టారు. ఇప్పుడు తాతకి దేనికీ భయం లేదు. చక్రం మీద అగ్గిపెట్టెదే పైచెయ్యి. ఎక్కడో దూరాన నీరసంగా కొట్టేవాడిని కూడా గీత గీసి పట్టేసింది, పట్టాక కదల్లేదు. దున్నపోతు మాత్రం పక్కకి జరుగుతూనే ఉంది, తాత గుబ్బతో వెంటపడుతూనే ఉన్నాడు. అదే పెద్ద తీగ తగిలించేసరికి కథ తిరగబడింది. మీడియం వేవులో సాయంత్రం గట్టిగా మోగే స్టేషన్లన్నీ ఒక్కుమ్మడిగా అగ్గిపెట్టెలోకి తోసుకొచ్చి, ఎక్కడ చూసినా సినిమా పాటలే. దానికి ఊపిరాడలేదు. దున్నపోతు మాత్రం ఆ సంతలో ఎవరినీ పట్టించుకోకుండా, తనకి కావలసిన ఒక్క కూతనీ పట్టుకుని నిలబడింది.

"ఒప్పుకుంటావా మావయ్యా, కొత్తది గొప్పదని?"

"సగం ఒప్పుకుంటాను. నీది రేవంతా ఒకేపాలి సూస్తాది. నాది ఒక్కడి మాటే ఇంటాది. రెండూ ఉండాల్సినవే అమ్మీ."

చిన్నమ్మి పరమానందంగా ఆ మాట తండ్రికి ఫోనులో చెప్పేసి, చీకటి ముదరక ముందే లంజిపల్లి చేరాలని ఎండుసావళ్ళ పొట్లంతో బయలుదేరింది. చక్రం మాత్రం వదిలేసి వెళ్ళింది. స్కూటర్ చప్పుడు రోడ్డు మలుపు తిరిగేదాకా తాత వింటూ నిలబడ్డాడు. వినగలిగిన ప్రతి చప్పుడూ ఆరోజు ముద్దుగానే ఉంది.

లోపలికి వచ్చేసరికి మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆవదం ఎందుకన్నావు?"

తాత చెప్పాడు. తుపాను నాటి నుంచీ చెప్పనిదంతా చెప్పాడు. మామ్మ వింటూ ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అది ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

"ఇన్నాళ్ళూ ఒక్కడివే మోసుకున్నావేటి? నాకు సెప్తే నాను రేవంతా సెప్పేత్తాననుకున్నావు కదూ?"

"అనుకున్నాను."

"సెప్పేద్దునే. అప్పుడు ఎవుడో ఒకడు నీ తీగకి నా సావళ్ళున్నాయని అనేవోడు. ఆనాడే తేలిపోయేది."

తాత వెళ్ళి కీ ముందు కూర్చుని, పొలసరకి కొట్టాడు. బావా, తుపాను నాటి నుంచీ నువ్వన్నది నాకు వినబడలేదు. విన్నానని అబద్ధం కొట్టాను. నీ కాలు విరిగిన సంగతి అప్పుడు నాకు తెలియదు.

తర్వాత కూత వచ్చింది, నెమ్మదిగా, సాగదీస్తూ.

"ఏటంటన్నాడు?" అంది మామ్మ పీట లాక్కుని పక్కన కూర్చుంటూ. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు.

తాత హెడ్‌ఫోన్ తీసి పక్కనపెట్టి, స్పీకరు పెంచాడు. కూత వచ్చినది వచ్చినట్టు మామ్మకి చెప్పసాగాడు.

"తెలుసులేరా అంటన్నాడు. మళ్ళీ మొదట్నించి సెప్తాను, ఈపాలి ఇను అంటన్నాడు. ఆవేళ మంగళవారం అంట. వాన పడి గట్టు జిగురుగా ఉందంట. ఆవు తాడు తెంపుకుందంట..."

"ఏ ఆవు? ఆ ఎర్రదా?"

"అడుగుతానుండు," అన్నాడు తాత, కీ మీద చెయ్యి వేస్తూ.